రోడ్డు సైకిల్‌కి సరిపడే సీటు: కొలత, ఆకారం, బిగింపు

రోడ్డు సైకిల్ సీటు సన్నగా, గట్టిగా ఉంటుంది. గంట తొక్కేసరికి కింద మంటో తిమ్మిరో మొదలైతే ఎవరికైనా ముందు తట్టేది జెల్ కవర్. అది వేశాక మొదటి అరగంట హాయిగానే ఉంటుంది. రెండో గంటకి తిమ్మిరి మునుపటికన్నా ఎక్కువైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

కటి ఎముకల అడుగున రెండు పక్కలా రెండు బొడిపెలుంటాయి. గట్టి అరుగు మీద కూర్చుని పిరుదుల కింద అరచేతులు పెడితే గుచ్చుకునేవి అవే. కూర్చున్నప్పుడు ఒంటి బరువు మోయాల్సినవి ఆ రెండే. వాటి మధ్య, మర్మాంగాలకీ మలద్వారానికీ నడుమ ఉన్న మెత్తటి భాగంలోంచి నరాలూ రక్తనాళాలూ వెళ్తాయి. అక్కడ బరువు పడకూడదు. మరీ మెత్తటి సీటు మీద కూర్చుంటే ఎముకలు లోపలికి దిగబడతాయి, వాటి కింద నలిగిన జెల్ మధ్యలోకి ఉబికి ఆ మెత్తటి భాగాన్నే నొక్కుతుంది. తిమ్మిరి అందుకే పెరుగుతుంది. కాబట్టి సీటు కొనేటప్పుడు ముందు చూడాల్సింది వెడల్పు, తరవాత ఆకారం, ఇంటికి తెచ్చాక బిగించే తీరు. మెత్తదనం వీటన్నిటి తరవాతే.

ఇదంతా డ్రాప్ బార్ (కొసలు కిందికి వంగిన హ్యాండిల్) ఉండి, ముందుకు వంగి గంటల తరబడి తొక్కే సైకిల్ గురించి. నిటారుగా కూర్చుని బజారుకెళ్లొచ్చే సైకిల్‌కి స్ప్రింగులున్న వెడల్పాటి సీటే సరైనది.

ఎక్కడ నొప్పి, ఎంతసేపటికి

సిగ్గుపడి చాలామంది "సీటు బాలేదు" అని ఊరుకుంటారు. సరిగ్గా ఎక్కడ, ఎన్ని నిమిషాలకి, హుడ్స్ (బ్రేకుల పైనుండే రబ్బరు పిడులు) పట్టుకున్నప్పుడా, కిందికి వంగి డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపు) పట్టుకున్నప్పుడా అన్నది తెలిస్తే కారణం దాదాపు దొరికినట్టే. కొత్త సీటుకి డబ్బు పెట్టేముందు రెండు మూడు రైడ్లలో ఇది గమనించి రాసుకోండి.

రెండు ఎముకల కిందా సమానంగా, కమిలినట్టు నొప్పి ఉంటే, అదీ మీరు తొక్కడం మొదలుపెట్టి రెండు మూడు వారాలే అయితే, కంగారు లేదు. ఆ చోటు అలవాటు పడాలి. రోజు విడిచి రోజు, 40 నిమిషాల నుంచి గంట చొప్పున తొక్కితే తగ్గుతూ వస్తుంది. నెల దాటినా అలాగే ఉంటే సీటు వెడల్పు తక్కువైనా అయ్యుండాలి, లోపలి ఫోమ్ చచ్చిపోయైనా ఉండాలి. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. నొక్కినచోట అడుగున ఉన్న ప్లాస్టిక్ చిప్ప తగిలితే, లేదా గుంట వెంటనే పైకి రాకపోతే ఆ సీటు పని అయిపోయింది.

ముందువైపు తిమ్మిరి వేరే సంగతి. ఇది "అలవాటవుతుందిలే" అనుకోవాల్సినది కాదు, మొదటి వారంలోనైనా సరే. సీటు ముక్కు (ముందున్న సన్నటి భాగం) పైకి లేచి ఉండటం, సీటు ఎత్తు ఎక్కువ కావడం, వెడల్పు చాలక ఎముకలు అంచుల నుంచి కిందికి జారి బరువంతా మధ్యలో పడటం, హ్యాండిల్ మరీ దూరంగా లేదా కిందికి ఉండటం: ఈ నాలుగింటిలో ఒకటో రెండో తప్పకుండా కనబడతాయి. తిమ్మిరి రాగానే లేచి నిలబడి తొక్కండి, ఒకటి రెండు నిమిషాల్లో స్పర్శ తిరిగి రావాలి. రైడ్ అయ్యాక గంటలు గడిచినా తిమ్మిరి పోకపోయినా, మూత్రానికో లైంగిక స్పందనకో తేడా కనిపించినా సైకిల్ ఆపేసి డాక్టర్ని కలవండి.

తొడల లోపలివైపు ఒరుసుకుపోతుంటే ముక్కు వెడల్పు ఎక్కువ, లేదా వెనకభాగం నుంచి ముక్కుదాకా సన్నబడటం మరీ నెమ్మదిగా ఉన్న ఆకారం. ఒక్క పక్కనే పుండు పడుతుంటే సీటు మార్చి లాభం లేదు. ముందు ముక్కు తిన్నగా టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) వెంట ఉందో లేదో చూడండి, తరవాత ఎత్తు తగ్గించి చూడండి. అప్పటికీ పోకపోతే కాళ్ల పొడవులో తేడా ఉందేమో సైకిల్‌ని మనిషికి ఫిట్ చేసేవాళ్లతోనో ఫిజియోథెరపిస్టుతోనో కొలిపించుకోండి. పదేపదే ముందుకు జారి మళ్లీ వెనక్కి సర్దుకోవాల్సి వస్తోందా? ముక్కు కిందికి ఎక్కువ వాలింది, లేదా హ్యాండిల్ అందడం లేదు. ఈ రెండో దానికి అరచేతుల తిమ్మిరి, భుజాల నొప్పి కూడా తోడవుతాయి.

పాత సీటు పైతొడుగు కూడా చాలా చెబుతుంది. పగటి వెలుతురులో పక్కవాటుగా చూస్తే ఎక్కడ నునుపుదేలి మెరుస్తోందో కనిపిస్తుంది. వెనక వెడల్పు భాగంలో రెండు మెరుపు మచ్చలు సమానంగా ఉంటే మీరు సరైన చోటే కూర్చుంటున్నారు. ఆ మచ్చలు అంచుల మీదికి పోయి ఉంటే వెడల్పు చాలట్లేదు. ముక్కు మీదే అరిగి ఉంటే హ్యాండిల్ దూరం. ఒక పక్క కుట్లు ఊడి రెండో పక్క కొత్తగా ఉంటే ఒరిగి కూర్చుంటున్నారు.

ఎముకల దూరం ఇంట్లోనే కొలవడం

పార్సిల్ వచ్చే అట్టపెట్టె ముక్క ఒకటి, లోపల మడతల పొర ఉన్నది, అడుగు వెడల్పున కత్తిరించండి. చదునైన గట్టి స్టూలు మీదో మెట్టు మీదో పెట్టి, జేబులు ఖాళీ చేసి, పలచటి షార్ట్స్‌తో దాని మీద కూర్చోండి. జీన్స్ కుట్లు అచ్చు చెడగొడతాయి. మోకాళ్లు తుంటి కన్నా కొంచెం ఎత్తులో ఉండేలా పాదాల కింద రెండు ఇటుకలో పుస్తకాలో పెట్టుకోండి. ముందుకు కాస్త వంగి, స్టూలు అంచులు రెండు చేతులా పట్టుకుని మిమ్మల్ని మీరే కిందికి లాక్కుంటూ అర నిమిషం ఉండండి. కదలొద్దు.

లేచి చూస్తే రెండు గుంటలు పడి ఉంటాయి. సరిగ్గా కనబడకపోతే సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని పైపైన రుద్దండి, గుంటలు రంగు అంటకుండా మిగులుతాయి. ఒక్కో గుంటలో అన్నిటికన్నా లోతైన చోట చుక్క పెట్టి, చుక్క నుంచి చుక్కకి మిల్లీమీటర్లలో కొలవండి. కొత్త అట్టలతో మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. మూడు కొలతల మధ్య 5 మి.మీ. కన్నా ఎక్కువ తేడా వస్తే కూర్చునేటప్పుడు కదిలారన్నమాట.

ఈ దూరం ఎక్కువమందిలో 100 నుంచి 140 మి.మీ. లోపు వస్తుంది. ఆడవాళ్లలో సగటున కాస్త ఎక్కువ. ఒంటి బరువుతోనో ప్యాంటు సైజుతోనో దీన్ని ఊహించడం కుదరదు. లావుగా ఉన్నవాళ్లకి దగ్గరగా, సన్నగా ఉన్నవాళ్లకి దూరంగా ఉండటం మామూలే. "మీ పర్సనాలిటీకి ఇది సరిపోతుంది సార్" అని దుకాణంలో చూపించేది పట్టించుకోకండి.

వచ్చిన అంకెకి 20 నుంచి 30 మి.మీ. కలపండి. సీటు అంచులు కిందికి వంగి ఉంటాయి కాబట్టి డబ్బా మీద రాసిన వెడల్పంతా కూర్చోవడానికి పనికిరాదు. ఎముకలు అంచు వంపుకి లోపలే పడాలి. ఉదాహరణకి మీకు 118 వచ్చిందనుకోండి, 138 నుంచి 148 మధ్య ఉన్న సీటు వెతకాలి. స్పెషలైజ్డ్ కంపెనీ సీట్లు 143, 155 లాంటి సైజుల్లో, ఫిజీక్ కంపెనీ వెంటో ఆర్గో 140, 150 సైజుల్లో వస్తాయి; ఈ ఉదాహరణలో 143 గానీ 140 గానీ సరిపోతుంది. 132 వస్తే 155 తీసుకోవాలి.

20 కలపాలా, 30 కలపాలా అన్నది మీరు ఎంత వంగుతారన్నదాన్ని బట్టి. వీపు కిందికి వాలేకొద్దీ కటి ముందుకు తిరుగుతుంది. అప్పుడు సీటుకి తగిలేది ఆ బొడిపెల కన్నా ముందున్న ఎముక. ఆ రెండు ఎముకలూ ముందుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. అందుకే రేసుల్లో బాగా వంగి తొక్కేవాళ్లు ఇంకా తక్కువ, 10 మి.మీ. మాత్రమే కలుపుకున్నా నడుస్తుంది. హ్యాండిల్ ఎత్తుగా పెట్టుకుని 200 కి.మీ. బ్రెవేలు (గడువులోగా ముగించాల్సిన దూరపు రైడ్లు) తొక్కేవాళ్లకి 30 దగ్గరే మంచిది. సందేహం వస్తే వెడల్పుదే తీసుకోండి. ఇరుకైన సీటు నరాల మీద పడుతుంది. కాస్త వెడల్పెక్కువైతే తొడలకి ఒరుసుకుంటుంది అంతే, అది ఒక్క రైడ్‌లోనే తెలిసిపోతుంది.

ఆకారం

వెడల్పు తేలాక కూడా ఒకే సైజులో పదిరకాలు కనిపిస్తాయి. సీటుని మూడు వైపుల నుంచి చూడండి.

పక్క నుంచి చూస్తే కొన్ని బల్లపరుపుగా, కొన్ని మధ్యలో పల్లమై వెనక లేచి ఉంటాయి. చదునైనదాని మీద ముందుకీ వెనక్కీ జరుగుతూ కూర్చోవచ్చు. ఎత్తెక్కేటప్పుడు వెనక్కి, వేగంగా తొక్కేటప్పుడు ముందుకి జరిగే అలవాటున్నవాళ్లకి ఇవే కావాలి. పల్లమున్నవి ఒకే చోట పట్టి ఉంచుతాయి. మోకాళ్లు వంచకుండా నిలబడి పాదాలు అందుకోలేనివాళ్లు, అంటే నడుము, తొడల వెనక కండరాలు బిగుతుగా ఉన్నవాళ్లు, సాధారణంగా వీటి మీద కుదురుగా ఉంటారు. కానీ సరైన చోటు ఒక్కటే ఉంటుంది కాబట్టి బిగించడంలో సెంటీమీటరు తేడా వచ్చినా ఇబ్బంది పెడతాయి.

వెనక నుంచి చూడండి. అటూ ఇటూ చదునుగా ఉందా, గుమ్మటంలా గుండ్రంగా ఉందా? బాగా గుండ్రంగా ఉన్నదాంట్లో నడిమి భాగం ఎముకల కన్నా ఎత్తుగా ఉండి మెత్తటి భాగాన్ని ఒత్తుతుంది. తిమ్మిరి మీ ఇబ్బందైతే వీటి జోలికి పోవద్దు.

పైనుంచి చూస్తే, వెడల్పు భాగం నుంచి ముక్కు చటుక్కున సన్నబడితే తొడలకి చోటు ఎక్కువ. నెమ్మదిగా సన్నబడితే కూర్చోవడానికి చోట్లు ఎక్కువ, కానీ లావు తొడలకి ఒరుసుకుంటుంది.

మధ్యలో గాడి, లేదా ఆరపార కంత. 1990ల చివర స్పెషలైజ్డ్ కంపెనీ డాక్టర్ రోజర్ మింకోతో కలిసి తెచ్చిన సీట్ల తరవాత ఇవి బాగా వ్యాపించాయి. తిమ్మిరి ఉన్నవాళ్లలో చాలామందికి పనికొస్తాయి. అయితే కంత వెడల్పుగా ఉండి, దాని అంచులు పదునుగా ఉంటే ఒత్తిడంతా ఆ రెండు గీతల మీదే పడుతుంది, ముఖ్యంగా ఆడవాళ్లకి వాపు వస్తుంది. దుకాణంలోనే వేలితో కంత అంచు వెంట రాసి చూడండి. అంచు వంగాలి, కోసుకున్నట్టు తగలకూడదు. కంతకి బదులు అక్కడ మెత్తటి పదార్థం నింపిన రకాలు 2018లో స్పెషలైజ్డ్ 'మిమిక్' పేరుతో తెచ్చింది. కంత అంచుల వల్ల బాధపడ్డవాళ్లు ఆ తరహావి చూడవచ్చు. ఆడవాళ్లు "లేడీస్ సీటు" అని రాసినదే కొనాలనేం లేదు. కొలతకి సరిపోయే వెడల్పు, ముందువైపు ఒత్తని ఆకారం ఉంటే చాలు.

పొట్టి ముక్కు సీట్లు. మామూలు సీటు పొడవు 270 నుంచి 280 మి.మీ. 2015లో వచ్చిన స్పెషలైజ్డ్ పవర్ 240 మి.మీ. దగ్గర ఆగింది. ప్రోలోగో డైమెన్షన్ 245. రేసు సీట్లు అంతకన్నా పొట్టిగా ఎందుకు చెయ్యరంటే, యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) పోటీ నిబంధనల్లో సీటుకి 24 సెం.మీ. కనీస పొడవు. కిందికి వంగినప్పుడు ఒత్తే ముక్కు కొస ఇక్కడ అసలు ఉండదు కాబట్టి డ్రాప్స్ పట్టుకుని ఎక్కువసేపు తొక్కేవాళ్లకి ఇది నిజంగా గొప్ప మార్పు. ఏ ఆకారం తీసుకోవాలో ఎటూ తేలకపోతే, కంత ఉన్న పొట్టి సీటు, మీ వెడల్పుది, మధ్యరకం గట్టిదనంతో మొదలుపెట్టండి.

తోలు సీట్లది వేరే దారి. ఇంగ్లండ్‌లో 1866 నుంచి ఉన్న బ్రూక్స్ కంపెనీ బీ17 సుమారు 175 మి.మీ. వెడల్పు, అరకిలో పైన బరువు. కొన్ని వందల కిలోమీటర్లు తొక్కితే తోలు మీ ఎముకల అచ్చుకి గుంటలు తీరుతుంది. నిదానంగా దూరాలు తొక్కేవాళ్లలో దాన్ని వదలనివాళ్లు ఎంతోమంది. కానీ వానకి తడిసిన తోలు మీద కూర్చుని తొక్కితే సాగి వాలిపోతుంది. వానాకాలంలో కవర్ లేకుండా బయటికి తీయకూడదు. వాలితే ముక్కు కింది బోల్టు తిప్పమంటారు కదా అని గట్టిగా తిప్పకండి. పావు తిప్పు చాలు, ఎక్కువైతే తోలు రివెట్ల దగ్గర చిరుగుతుంది.

కొనేటప్పుడు అడుగున చూడాల్సినవి

సీటు కింద రెండు కడ్డీలుంటాయి, వాటినే రెయిల్స్ అంటారు. ఉక్కు, క్రోమోలీ (ఒక రకం మిశ్రమ ఉక్కు), టైటానియం కడ్డీలు 7 మి.మీ. గుండ్రంగా ఉంటాయి, దాదాపు అన్ని సీటుపోస్టులకీ (సీటుని మోసే గొట్టాలకీ) పడతాయి. కార్బన్ కడ్డీలు కోలగా 7×9 లేదా 7×10. గుండ్రటి కడ్డీకి చేసిన క్లాంపులో (పోస్టు మీద కడ్డీల్ని పట్టే బిగింపులో) కార్బన్‌ని బిగిస్తే ఒకే గీత మీద నొక్కి చీలుతుంది. మీ పోస్టు కంపెనీ కోలకడ్డీ క్లాంపు ఇస్తుందో లేదో తెలుసుకోకుండా కార్బన్ కొనొద్దు. సౌకర్యం కోసమైతే కార్బన్ అక్కర్లేదు కూడా; అది తగ్గించేది బరువు. ఆన్‌లైన్‌లో పెద్ద బ్రాండు పేరుతో పదోవంతు ధరకి దొరికే కార్బన్ సీట్లు నకిలీవి. గుంత తగిలినప్పుడు కడ్డీ విరిగితే ఆ మొన ఎక్కడ దిగుతుందో ఊహించుకోండి.

చవక సైకిళ్లలో పోస్టు ఉత్త గొట్టం. సీటుకే పళ్లున్న క్లాంపు, పక్కల నట్లు ఉంటాయి. పన్ను మారిస్తే వాలు ఒకేసారి చాలా డిగ్రీలు మారుతుంది, మధ్యలో ఆగదు. అలాంటిదానికి మంచి సీటు తగిలించి ఫలితం రాబట్టడం కష్టం. ముందు పైన బోల్టుతో వాలు సర్దుకునే పోస్టు వేయించండి. పాత పోస్టు పైకి లాగి చూస్తే అడుగున వ్యాసం కొట్టి ఉంటుంది: 27.2, 30.9, 31.6 ఇలా. సరిగ్గా అదే కావాలి. 0.2 మి.మీ. తగ్గినా పోస్టు జారుతుంది, పెరిగితే దిగదు.

బిగించడం

మంచి సీటు చెడ్డపేరు తెచ్చుకునేది ఇక్కడే. అలెన్ కీలు, టేపు, ఫోన్, గట్టి అట్ట పుస్తకం, దారానికి కట్టిన నట్టు ఒకటి చాలు. సైకిల్‌ని మట్టంగా ఉన్న నేల మీద నిలబెట్టండి. నేల మట్టమో కాదో ముందే ఫోన్‌లోని లెవెల్‌తో చూసుకోండి. నేల వాలుగా ఉంటే ఆ పైన తీసిన కొలతలన్నీ తప్పే.

మొదట ఎత్తు. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి, కాళ్ల మధ్య పుస్తకాన్ని సీటు ఒత్తినంత గట్టిగా పైకి పట్టి, దాని పై అంచు నుంచి నేలదాకా కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. అమెరికన్ రైడర్ గ్రెగ్ లెమాండ్ పేరుతో వాడుకలో ఉన్న లెక్క ఇది. 80 సెం.మీ. వస్తే 70.6: బాటమ్ బ్రాకెట్ (పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు ట్యూబ్ వెంట సీటు పైభాగానికి అంత దూరం ఉండాలి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. సైకిలెక్కి, పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే మోకాలు నిటారుగా రావాలి, నడుము ఆ పక్కకి ఒరగకూడదు. పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు, అడుగున మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి.

తరవాత ఎవరినైనా వెనకనుంచి ఒక నిమిషం వీడియో తీయమనండి. నడుము అటూ ఇటూ ఊగుతుంటే ఎత్తు ఎక్కువ. అలా ఊగినప్పుడు ప్రతి తొక్కుకీ చర్మం సీటు మీద రాసుకుంటుంది, నిమిషానికి 80, 90 సార్లు. పుండ్లకి ఇంతకన్నా పెద్ద కారణం లేదు. ఊగడం ఆగేదాకా 3 మి.మీ. చొప్పున దించండి. మరీ కిందికి దిగితే మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది.

రెండోది ముందువెనకలు. క్రాంకులు (పెడళ్లు తగిలించిన కడ్డీలు) నేలకి సమాంతరంగా పెట్టి, ముందున్న కాలి మోకాలిచిప్ప కిందినుంచి నట్టు కట్టిన దారం వేలాడదీస్తే అది పెడల్ ఇరుసు మీదుగా పోవాలి. అక్కణ్నించి మీకు నచ్చినట్టు సెంటీమీటరు అటూ ఇటూ జరపొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: 10 మి.మీ. వెనక్కి జరిపితే కాలికి సీటు సుమారు 3 మి.మీ. ఎత్తు పెరిగినట్టే, కాబట్టి ఆ మేరకు దించాలి. కడ్డీల మీద గీసి ఉన్న హద్దులు దాటించకండి.

మూడోది వాలు. పుస్తకాన్ని సీటు మీద పొడుగ్గా పెట్టి దాని మీద ఫోన్ పెట్టండి. వెనక తోకలా లేచిన సీటయితే ఆ తోకని వదిలి ముందున్న మూడింట రెండు వంతుల మీదే పెట్టాలి. సున్నాతో మొదలుపెట్టండి. ఒత్తిడి ఉంటే అర డిగ్రీ చొప్పున ముక్కు దించండి. 24 సెం.మీ. సీటుకి ఒక డిగ్రీ అంటే ముక్కు కొసకీ వెనక అంచుకీ మధ్య ఎత్తులో 4 మి.మీ. తేడా మాత్రమే, కంటికి కనబడదు, ఒంటికి తెలుస్తుంది. ఎక్కువమంది 0 నుంచి 3 డిగ్రీల మధ్య కుదురుకుంటారు. 4 దాటించాల్సి వస్తోందంటే తప్పు సీటులో లేదు. హ్యాండిల్ ఎత్తుకి 10 మి.మీ. స్పేసర్ (కింద వేసే రింగు) వేయడమో, స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) 10 మి.మీ. పొట్టిది వేయడమో చెయ్యండి. యూసీఐ 9 డిగ్రీలదాకా ఒప్పుకుంటుంది కదా అని దించేస్తే రోజంతా చేతుల మీద ఆనుకుని తొక్కాల్సి వస్తుంది.

పాత పొడుగు సీటు తీసి పొట్టిది వేసేటప్పుడు ముక్కు కొసని ముక్కు కొసకి సరిపెట్టకండి. అలా చేస్తే మీరు కూర్చునే చోటు 3 సెం.మీ. ముందుకి పోతుంది. రెండు సీట్ల మీదా వెడల్పు సరిగ్గా 80 మి.మీ. ఉన్నచోట టేపు ముక్క అంటించండి. ఆ టేపు నుంచి హ్యాండిల్ మధ్యకి, బాటమ్ బ్రాకెట్‌కి ఉన్న దూరాలు పాతవీ కొత్తవీ ఒకటే ఉండాలి. సీట్ల మందం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, పోస్టు ఎత్తు మార్చకుండా సీటు మారిస్తే కాలికి సెంటీమీటరు తేడా రావచ్చు.

బోల్టుకి గ్రీజు రాసి, పోస్టు మీద రాసి ఉన్న న్యూటన్ మీటర్ల అంకెకి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నారో చూపే రెంచ్‌తో) బిగించండి. కార్బన్ పోస్టుకి గ్రీజు కాదు, గరుకు పేస్టు రాయాలి. పోస్టు మీది కనీస లోతు గీత ఫ్రేమ్ లోపలే ఉండాలి.

షార్ట్స్, చర్మం, టైరు గాలి

ప్యాడ్ ఉన్న బిబ్ షార్ట్స్ (భుజాల పట్టీలున్న సైక్లింగ్ షార్ట్స్) లోపల డ్రాయర్ వేసుకోకూడదు. దాని కుట్లే కోస్తాయి, చెమట పట్టి ఉంచుతాయి. ప్యాడ్ మందంగా ఉంటే మంచిదని కాదు. రెండు గంటలు దాటే రైడ్లకి ఎముకల కింద గట్టిగా, పక్కల పలచగా ఉన్నది కావాలి. నిలబడితే భుజాల పట్టీలు లాగినట్టుండి, వంగితే సర్దుకునే సైజే సరైనది. వదులైతే ప్యాడ్ కదిలి రాసుకుంటుంది.

విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉక్కపోతలో పొద్దున ఆరింటికే షార్ట్స్ తడిసిపోతాయి. తడి చర్మం తొందరగా ఒరుసుకుపోతుంది. రైడ్‌కి ముందు చామోయ్ క్రీమ్ (చర్మం ఒరుసుకోకుండా సైక్లిస్టులు రాసుకునేది) తొడ మడతల్లో, ఎముకల దగ్గర రాయండి. పెట్రోలియం జెల్లీ కూడా పనిచేస్తుంది, ప్యాడ్‌కి కాక చర్మానికే రాయాలి, ప్యాడ్‌కి అంటితే ఉతికినా పోదు. పౌడర్ వద్దు, చెమటకి ఉండలు కట్టి గరుకవుతుంది. అక్కడ రేజర్‌తో గీయడం వల్ల వెంట్రుకలు లోపలికి తిరిగి పొక్కులొస్తాయి, ట్రిమ్మర్ చాలు. ఇంటికి రాగానే షార్ట్స్ విప్పి స్నానం చెయ్యండి. టీ తాగి చేద్దామనుకునే ఆ అరగంటలోనే క్రిములు పెరుగుతాయి. ప్రతి రైడ్‌కీ ఉతికిన జతే. గుడ్డల్ని మెత్తబరిచే లిక్విడ్ వాడితే ప్యాడ్ చెమట పీల్చడం మానేస్తుంది.

సెగ్గడ్డ లేచిందా, రెండు మూడు రోజులు సైకిల్ ఆపి వేడినీటి కాపడం పెట్టండి, గిల్లకండి. పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, షుగర్ ఉన్నవాళ్లకైతే మొదట్లోనే, డాక్టర్ దగ్గరికి.

సీటుని నిందించేముందు టైరు గాలి కూడా చూడండి. 25 మి.మీ. టైర్లలో 110 పీఎస్‌ఐ కొట్టించుకుని మన కంకర తేలిన రోడ్ల మీద తొక్కితే ఏ సీటూ కాపాడదు. 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో వెనక 75 నుంచి 80 సరిపోతుంది. ఫ్రేమ్‌లో 28 పడితే అవే వేయించండి.

కొత్త సీటుని పరీక్షించడం

దుకాణం ముందు రెండు చక్కర్లు కొడితే ఏమీ తెలియదు. మెత్తటి సీటే బాగుందనిపిస్తుంది. వీలైతే కొనేముందు వాపసు తీసుకుంటారో లేదో, ఎన్ని రోజుల్లోనో కనుక్కోండి. మొదటి రైడ్ 20 నిమిషాలు, అలెన్ కీలు జేబులో పెట్టుకుని, ఆగి సర్దుకోవడానికే. రెండోది గంటన్నర. మూడోది మూడు నాలుగు గంటలు. ప్రతిసారీ ఒక్కటే మార్చండి, ఎంత మార్చారో ఫోన్‌లో రాసుకోండి. ఎత్తూ వాలూ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో తెలియదు.

పరీక్షకి ఆగకుండా తొక్కే దారి కావాలి. ఊళ్లో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా లేస్తాం, సిగ్నల్ దగ్గర దిగుతాం, దాంతో ఒత్తిడి బయటపడదు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఇందుకు బాగా పనికొస్తుంది. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని ఒకే చోట నిలిపి తొక్కడానికి వాడే స్టాండు) ఉంటే ఇంకా త్వరగా తేలుతుంది: సైకిల్ కదలదు కాబట్టి రోడ్డు మీద గంటన్నరకి వచ్చే నొప్పి అక్కడ ముప్పావుగంటకే వస్తుంది. అక్కడ కాస్త ఇబ్బంది ఉన్నా రోడ్డు మీద బాగానే ఉండొచ్చు, కాబట్టి ట్రైనర్ మీది తీర్పే చివరిదిగా తీసుకోకండి. ఎంత మంచి సీటయినా 10, 15 నిమిషాలకోసారి పది పదిహేను తొక్కులు లేచి తొక్కాలి, రక్తం ఆడటానికి.

బ్రెవే ముందు వారంలో సీటు మార్చొద్దు. 200 కిలోమీటర్లకి గడువు పదమూడున్నర గంటలు, కొత్త సీటు తప్పులన్నీ ఆ దూరంలో బయటపడతాయి. కనీసం నాలుగైదు వారాల ముందే తేల్చుకోండి.

కుదిరాక మూడు కొలతలు రాసి పెట్టుకోండి: బాటమ్ బ్రాకెట్ నుంచి ఎత్తు, టేపు గుర్తు నుంచి హ్యాండిల్‌కి దూరం, వాలు డిగ్రీల్లో. పోస్టు ఫ్రేమ్‌లోకి దిగేచోట ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి. బస్సులోనో రైల్లోనో సైకిల్ పంపేటప్పుడు పోస్టు తీసినా మళ్లీ అదే చోటికి వస్తుంది. కొత్తగా బిగించిన బోల్టులు మొదటి 50 కిలోమీటర్లకి కాస్త వదులవుతాయి, అప్పుడొకసారి టార్క్ రెంచ్ పెట్టి చూడండి.